దైవాధీనం అడిగిన ఒక్క రోజు

ఎవరూ, మెకానిక్కు దైవాధీనం గురించా? లోపలికి రా, గుమ్మంలో నుంచుంటే ఎలా చెప్పను. ఆ కుర్చీ కాదు, దాని కాలు కదుల్తుంది, ఇలా ఈ బల్ల మీద కూర్చో. నరేంద్ర కదూ నీ పేరు, పెద్దిరాజు కొడుకువి. చెప్పక్కర్లేదు లేవయ్యా, ఆ చెవులు చూస్తేనే తెలుస్తోంది. మీ నాన్నవీ అవే చెవులు, మీ పెదనాన్నవీ అవే. అమ్మ రాజకుమారి బాగుందా? ఇంకా గిలకలదిండిలోనే ఉంటున్నారా? ఊఁ. మా శేషారత్నం ఇంట్లో లేదు, పక్కవీధిలో ఎవరింట్లోనో నోమంటే వెళ్ళింది, ఉంటే కాఫీ ఇచ్చేది, నాకు పెట్టడం రాదు. ఇంతకీ ఏమన్నావు, మళ్ళీ చెప్పు, నాకీ చెవి సరిగ్గా పనిచెయ్యదు. ఓహో. మీ పెద్దమ్మ పెద్దింట్లమ్మ పాలకాయతిప్పలో ఒక్కతే ఉంటోంది, కళ్ళు కనపడ్డం లేదు, తెచ్చి ఇంట్లో పెట్టుకుందామని నువ్వంటున్నావు, మీ అమ్మేమో 'మీ నాన్నని చంపినోడి పెళ్ళాం నా గడప తొక్కడానికి వీల్లేదు' అంటోంది. అంతేగా? మీ పెదనాన్న దైవాధీనం పని పాడుచెయ్యడం వల్లే మీ నాన్న పోయాడా, కాదా, అది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలానని నా దగ్గరికొచ్చావు. పదహారేళ్ళయిందయ్యా. ఇన్నేళ్ళలో నన్నీ మాట అడిగినవాడు లేడు. చెప్తాను. చెప్తాను గానీ నా పద్ధతిలో నన్ను చెప్పనీ, తొందరపెడితే నాకొక్క ముక్క గుర్తుకు రాదు.

మీ పెదనాన్న షెడ్డు చిలకలపూడి రోడ్డు మీద ఉండేది. షెడ్డంటే ఏముందిలే, నాలుగు సరుగుడు గుంజలు, పైన రేకులు, కారు కిందకి దూరడానికి ఒక గొయ్యి. బోర్డు కూడా లేదు. బోర్డు రాయించుకోవేమయ్యా అంటే, 'బోర్డు చూసొచ్చేవాళ్ళు తొందర్లో ఉంటారండి, మనకి సరిపడరండి' అనేవాడు. తిక్క మనిషి. పది మాటలు నోటిదాకా వస్తే తొమ్మిది మింగేసేవాడు. కానీ ఆ పని మళ్ళీ నేనెక్కడా చూళ్ళేదు. మన బందర్లో బండికి ఇంజను పోయేలోపు అడుగు పోతుంది, నీకు తెలియంది కాదు. ఉప్పుగాలి. పైఊళ్ళలో పదిహేనేళ్ళు తిరిగే కారుకి ఇక్కడ ఐదేళ్ళకే అడుగు జల్లెడైపోతుంది. అందులోనూ సైలెన్సర్ పైపు మరీను. వేడెక్కుతుంది, చల్లారుతుంది, ఉప్పు చెమ్మ పీలుస్తుంది, మళ్ళీ వేడెక్కుతుంది. దాని బోల్టులకి రెండేళ్ళయ్యేసరికి మూలలన్నీ అరిగిపోయి చింతపిక్కల్లా తయారవుతాయి, పానా పట్టదు. పట్టినా తిరగదు. తిరిగిందా, విరుగుతుంది. మిగతా షెడ్లవాళ్ళేం చేసేవాళ్ళంటే, పానాకి ఇంత పొడుగు పైపు తగిలించి ఇద్దరు కలిసి లాగేవాళ్ళు. టక్కుమని తలకాయ ఊడొచ్చేది, మొండెం లోపలుండిపోయేది. ఇక దాన్ని డ్రిల్లు పెట్టి తొలవడం, ఆ డ్రిల్లు పక్కకి పోవడం, 'పైపు మొత్తం మార్చాల్సిందేనండీ' అనడం. మీ పెదనాన్న దగ్గర అవేం లేవు. బండి తెచ్చినవాణ్ణి మొట్టమొదట ఒకటే అడిగేవాడు, 'ఒక రోజు వదులుతారాండి?' అని. వదుల్తానంటే చెయ్యి వేసేవాడు, లేదంటే లేదు. ఓసారి మధుసూదనరావని ఒక ప్లీడరుగారు, గుడివాడలో వాయిదా ఉందని ఎగిరెగిరి పడుతూ వచ్చాడు, నేనక్కడే ఉన్నాను. 'ఏమయ్యా, మూడు బోల్టులకి రోజంతా ఏమిటి, నేనెవర్నో తెలుసా నీకు?' అన్నాడు. మీ పెదనాన్న గొయ్యిలోంచి తల కూడా ఎత్తకుండా, 'నాకు తెలుసండి, బోల్టుకి తెలీదు గదండి' అన్నాడు. ప్లీడరు గుడివాడకి బస్సులో వెళ్ళాడు. ఎర్రబస్సు ఎక్కి ఎన్నాళ్ళయిందోనని దారంతా తిట్టుకునుంటాడు.

ఆ రోజంతా ఏం చేసేవాడంటావా? నేను చూశాను కనక చెప్తున్నాను. ముందు ఇనప బ్రష్షుతో మరలు కనపడేదాకా గీకేవాడు. కిరసనాయిల్లో కాస్త గేరాయిలు కలిపి, గుడ్డముక్క తడిపి, బోల్టుకి చుట్టి వదిలేసేవాడు. గంటకోసారి వెళ్ళి చిన్న సుత్తితో దాని తల మీద తట్టేవాడు. కొట్టడం కాదు, తట్టడం. మళ్ళీ నూనె. ఈలోగా ఇంకో పని చూసుకునేవాడు. అప్పటికీ మొండికేస్తే గ్యాసు మంటతో నట్టు ఎర్రబడేదాకా కాల్చి, కొవ్వొత్తి ఆనించేవాడు. మైనం కరిగి మరల్లోకి దిగుతుంది. అప్పుడు గానీ పానా తీసేవాడు కాదు. తీసినా విప్పేవాడనుకున్నావా, ముందు బిగించేవాడు. అవును, బిగించేవాడు, వెంట్రుకవాసి. అదేమిటయ్యా అంటే, 'పట్టు వదిలించాలండి ముందు, వదిలాక అటైనా ఇటైనా ఒకటేనండి' అనేవాడు. కాస్త బిగించి, కాస్త విప్పి, మళ్ళీ బిగించి, అలా ముందుకీ వెనక్కీ. కీచుమని చప్పుడొస్తే ఆయన మొహం విచ్చుకునేది. 'ఏడుత్తుందంటే వచ్చేత్తన్నట్టండి. చప్పుడు లేకుండా మెత్తగా తిరిగిందనుకోండి, అప్పుడు చెయ్యి తీసెయ్యాలండి. లోపల మెడ మెలిపడతా ఉంటది.' ఇవన్నీ ఎవరు నేర్పారయ్యా అంటే, సముద్రం అనేవాడు. పాలకాయతిప్పలో పుట్టినవాడు కదా. పడవ ఇంజన్లకి బోల్టులు ఊడదీస్తూ పెరిగాడు. డెబ్భై ఏడు ఉప్పెనలో మీ తాతా నానమ్మా పోయాక ఎనిమిదేళ్ళ మీ నాన్నని వెంటబెట్టుకుని బందరొచ్చాడు. అప్పటికి ఆయనకీ ఇరవై దాటలేదు. అన్నం వండిపెట్టాడు, బళ్ళో వేశాడు, డ్రైవింగు నేర్పాడు, మీ అమ్మనిచ్చి పెళ్ళి చేశాడు. ఆ అన్నదమ్ములిద్దరూ ఎదురెదురు కూర్చుని మాట్లాడుకోవడం నేనెప్పుడూ చూళ్ళేదు గానీ, మీ నాన్న ఏ పని చేసినా ఒకసారి అన్న మొహం వైపు చూసి చేసేవాడు.

నేనా? నేనప్పుడు గవర్నమెంటాఫీసులో గుమాస్తాని. నీకు నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల్లో ఈ జిల్లాకి పిచ్చెక్కిందయ్యా. తొంభై ఒకటీ, రెండూ, మూడూ, ఎవరి నోట విన్నా టైగరు రొయ్యే. వరి చేలు తవ్వి చెరువులు చేశారు. బడిపంతుళ్ళు, పోస్టుమాస్టర్లు, పురోహితులు కూడా దిగారు. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా రాదు, అలాంటిది నేను రొయ్యపిల్ల మొయ్యడానికి కారు కొన్నాను. పాత పెట్రోలు కారు, మా శేషారత్నం పేరు మీద. ఆవిడ, 'నా పేరు మీద ఆ నీచు బండి ఏమిటండీ, పసుపూ కుంకం కూడా పెట్టను దానికి' అంది. పెట్టలేదు కూడా. రొయ్యపిల్లని మేం సీడనేవాళ్ళం. మంగినపూడి వైపు, ఆ పిల్లల్ని పొదిగించే హేచరీలో ప్లాస్టిక్ కవర్లలో నీళ్ళు పోసి, సీడు వదిలి, ఆక్సిజన్ నింపి, రబ్బరు బ్యాండు బిగించి ఇస్తారు. దానికి చల్లదనం కావాలి. ఆరేడు గంటల్లో చెరువులో పడాలి. అందుకని వెనక సీటు పీకేసి, ఏసీ బిగించి, ఆ కవర్లు పెట్టెల్లో సర్ది తోలేవాళ్ళం. ఆ ఉప్పునీళ్ళన్నీ కారి బండి అడుక్కి దిగేవి. సరిగ్గా ఆ అడుగు కిందనే సైలెన్సర్ పైపు మధ్య జాయింటు. మొదటి ఏడాది ఇంకో డ్రైవరుండేవాడు, వాడికి ఏసీ పడదని అద్దాలు దించుకుని తోలాడు ఓసారి, మే నెల్లో. కృత్తివెన్ను రైతు శివరామయ్యగారి చెరువు దగ్గర పెట్టె తెరిస్తే సీడంతా తెల్లగా తేలింది. ఆయన పదిమందిలో, 'ఏం పంతులూ, నువ్వు తెచ్చింది సీడా, ఉడకబెట్టిన రొయ్యపొట్టా?' అన్నాడు. తల కొట్టేసినట్టయింది నాకు. ఆ డ్రైవర్ని మానిపించి మీ నాన్నని పెట్టుకున్నాను. బండిలో సీడుండగా అద్దం వేలెడు దిగినా ఊరుకునేవాణ్ణి కాదు.

తొంభై మూడు, ఫిబ్రవరి చివర. నువ్వు రెండేళ్ళవాడివి. బండి కింద టపటపమని చప్పుడు, లోపల పొగవాసన. పొద్దున్నే నేనూ మీ నాన్నా షెడ్డుకి తీసుకెళ్ళాం. మీ పెదనాన్న గొయ్యిలోకి దిగి టార్చి వేసి చూశాడు. చాలాసేపు చూశాడు. పైకొచ్చి, 'పంతులుగారూ, మధ్య జాయింటు పోయిందండి. గ్యాస్కెట్టు లేదు, పైపు చిట్లింది. మూడు బోల్టులూ ఉప్పుతో గట్టిపడిపోయాయండి. దాని పైన మీ బండి అడుగు అరచెయ్యంత కన్నం పడిందండి, ఆ పొగంతా లోపలికే ఎక్కుతా ఉంది. ఒక రోజు వదలండి, రేపీపాటికి అన్నీ చేసిచ్చేత్తాను' అన్నాడు. నాకా, పదకొండింటికి హేచరీలో సీడు ప్యాకింగు. అదే శివరామయ్య చెరువుకి. అంత మాటన్నవాడు మళ్ళీ సీడు అడిగాడంటే నాకది పరువు. 'రేపు ఎలా కుదురుతుందయ్యా, ఇవాళే పోవాలి' అన్నాను. ఆయన సరే చూద్దామని పానా పెట్టాడు. ముందు బిగించాడు, ఇంత. మెత్తగా తిరిగింది, చప్పుడు లేదు. పానా తీసేశాడు. 'విరిగిపోద్దండి. విరిగితే పైపు కింద పడుద్ది, ఇవాళ బండి కదలదండి' అన్నాడు. అయితే పైన ఏదో ఒకటి చుట్టి పంపించవయ్యా అన్నాను. చుట్టనన్నాడు. మళ్ళీ అడిగాను. చుట్టనన్నాడు. అప్పుడు నేను, ఏమన్నానో చెప్పనా, 'మీ తమ్ముడికి ఈ పని ఇష్టం లేకపోతే చెప్పు, డ్రైవర్లకి కరువేం లేదు బందర్లో' అన్నాను. మీ నాన్న పక్కనే ఉన్నాడు. అన్న మొహం వైపు చూశాడు. మీ అమ్మ ఒంట్లో బాగోక అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చిందని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

మీ పెదనాన్న వెనక్కి తిరిగి షెడ్డు మూలకి వెళ్ళాడు. ఆస్‌బెస్టాస్ తాడు తెచ్చి జాయింటు చుట్టూ చుట్టాడు. నూనె డబ్బా రేకు కత్తిరించి దాని మీద తొడిగి తీగతో బిగించాడు. కన్నం మీద తడి గోనె మడతపెట్టి, పైన ఇంకో రేకు వేశాడు. పైకొచ్చి చేతులు తుడుచుకుంటూ, 'ఇది రిపేరు కాదండి. కట్టు. ఇరవై మైళ్ళు ఆగుద్దో లేదో కూడా తెలీదు' అన్నాడు నాతో. మీ నాన్నని పక్కకి తీసుకెళ్ళాడు, కానీ నాకు వినపడింది. 'ఒరేయ్, అద్దాలు రెండూ దించి తోలు. ఎక్కడన్నా ఆగితే ఇంజను ఆపెయ్, ఏసీ గీసీ వద్దు. ఈ పొగ వాసన తెలీకపోయినా ఉంటదిరా. నిద్దరొచ్చినట్టు వచ్చుద్ది. నిద్దరొచ్చిందంటే బండి దిగి నడు.' రెండుసార్లు చెప్పాడు. మీ నాన్న సరే అన్నయ్యా అన్నాడు. బయల్దేరాం. నన్ను ఆఫీసు దగ్గర దింపి మీ నాన్న హేచరీకి వెళ్ళాడు, అక్కడ పెట్టెలెక్కించుకుని పెడన మీదుగా కృత్తివెన్ను పోయాడు. నేను ఫైళ్ళు ముందేసుకుని కూర్చున్నాను.

అక్కడ జరిగింది శివరామయ్య నోటివెంట విన్నదే. మీ నాన్న ఒంటిగంటన్నరకి చెరువుగట్టు మీదకి చేరాడు. సీడు వచ్చిన వెంటనే చెరువులో పొయ్యరు, నీళ్ళ ఉప్పు చూసి, కవర్లలో ఆ నీళ్ళు కొద్దికొద్దిగా కలిపి, అలవాటు చేసి వదుల్తారు. ఆ నీళ్ళు చూసే మనిషి భోజనానికి వెళ్ళాడు. వచ్చేదాకా ఆగమన్నారు. ఎండలో గట్టు మీద చెట్టూ చేమా లేదు. సీడు వేడెక్కకూడదని మీ నాన్న ఇంజను ఆన్‌లోనే ఉంచి, ఏసీ వేసి, బండిలోనే కూర్చున్నాడు. ఆ మనిషి మూడింటికి వచ్చి అద్దం మీద తట్టాడు. నిద్రపోతున్నాడనుకున్నాడు. తల సీటుకి ఆనించి ఉంది, మొహం ఎర్రగా, ఏ బాధా పడనట్టే ఉందన్నాడు. తలుపు తీసేసరికి అయిపోయింది. అద్దాలన్నీ పైకే ఉన్నాయి. నరేంద్రా, ఇంకొకటుంది, నీకు చెప్పాలా వద్దా తెలీదు. పెట్టెలు తెరిచి చూశారట. ఒక్క కవరు చెడలేదు, ఒక్క పిల్ల చావలేదు. చుట్టూ ఆక్సిజన్ కవర్లేనయ్యా, ఆ మధ్యలో కూర్చునుండగా పోయాడు. సీడు పాడవుతుందని ఆ సాయంత్రమే చెరువులో వదిలేశారు. పంట బ్రహ్మాండంగా వచ్చిందని శివరామయ్య తర్వాత చెప్పాడు, చెప్పి నా మొహం చూళ్ళేకపోయాడు.

ఊళ్ళో ఎవరికి తోచింది వాళ్ళన్నారు. అన్న కట్టిన కట్టు తమ్ముణ్ణి మింగిందన్నారు. ఇన్నాళ్ళూ పెద్ద పనివాడని చెప్పుకున్నాడు, తీరా సొంత తమ్ముడి దగ్గరికొచ్చేసరికి గుడ్డలు చుట్టి పంపాడన్నారు. మీ అమ్మ శవం దగ్గర ఆయన్ని చొక్కా పట్టుకుని, 'నా పిల్లాడికి తండ్రిని తెచ్చివ్వు' అని ఊపేసింది. ఆయన ఊగాడు, అంతే. ఒక రోజు వదలమన్నాను, వదల్లేదని గానీ, పంతులుగారు బలవంతం చేశారని గానీ ఒక్క మాట అన్లేదు. నేనక్కడే నుంచున్నాను, పంచె కట్టుకుని, ముక్కు మీద తువ్వాలు పెట్టుకుని. పోలీసులు అడిగితే, రిపేరు చేయించాకే పంపానండి అన్నాను. రాసుకున్నారు. దినాలయ్యాక ఆయన షెడ్డు మూసేశాడు. పెద్దింట్లమ్మని తీసుకుని పాలకాయతిప్ప వెళ్ళిపోయాడు. మూడేళ్ళకి ఏదో జ్వరం వచ్చి పోయాడని కబురు తెలిసింది. మీ అమ్మ వెళ్ళలేదు, నిన్నూ పంపలేదు. నేనూ వెళ్ళలేదులే. నాకా రోజు ఆఫీసులో ఇన్‌స్పెక్షనుంది. లేకపోయినా వెళ్ళేవాణ్ణి కాదు.

ఆగు, లేవకు. నువ్వడిగింది ఇది కాదని నాకు తెలుసు. ఇందాక ఒకచోట గబగబా దాటేశాను, నువ్వు గమనించావో లేదో. నన్ను ఆఫీసు దగ్గర దింపాడన్నాను కదా. షెడ్డు నుంచి ఆఫీసు దాకా మీ నాన్న అద్దాలు దించే తోలాడు. నేను ముందు సీట్లో ఉన్నాను. గేటు దగ్గర దిగి, తలుపు వేసి, కిటికీలోంచి వంగి చెప్పాను. 'హేచరీ దాటాక అద్దాలు ఎత్తెయ్యి. ఏసీ ఆపకు' అన్నాను. మీ నాన్న, 'అన్నయ్య దించమన్నాడండి, పొగ వస్తాదని' అన్నాడు. మెల్లిగా అన్నాడు, ఎదురు చెప్పినట్టు కూడా లేదు. నేనేమన్నానంటే, 'మీ అన్నకి బోల్టుల సంగతి తెలుసు, సీడు సంగతి నాకు తెలుసు. ఈసారి సీడు పోయిందంటే నిన్ను కూడా మానిపించాల్సొస్తుంది' అన్నాను. నవ్వుతూనే అన్నానయ్యా. ఒట్టు, నవ్వుతూనే అన్నాను. వాడు తల ఊపాడు. వాడి చెయ్యి అద్దం హేండిల్ మీదకి వెళ్ళడం కూడా చూశాను. అంతే, మెట్లెక్కి లోపలికి వెళ్ళిపోయాను. ఆ మాట అక్కడ మేమిద్దరం తప్ప ఎవరూ వినలేదు. మా ఆవిడక్కూడా ఇవాళ్టిదాకా చెప్పలేదు.

ఇంకా ఉంది, విను, ఇది విన్నాక తిడుదువుగానీ. నెల్లాళ్ళకి స్టేషన్లోంచి బండి నాకిచ్చేశారు. పెరట్లో పెట్టాను, ఎవడన్నా కొంటే అమ్మేద్దామని. ఓ రోజు పొద్దున్నే దైవాధీనం వచ్చాడు, చేతిలో పనిముట్ల సంచి. గెడ్డం పెరిగిపోయింది. 'పంతులుగారూ, బండి ఒక రోజు నాకొదులుతారాండి?' అన్నాడు. ఎందుకయ్యా అంటే చెప్పలేదు. బండి తాళం తెచ్చిచ్చాను. ఇటుకలు పేర్చి బండి ఎత్తాడు, కిందకి దూరాడు. ఆ రోజు నేను ఆఫీసుకి సెలవు పెట్టాను. కదల్లేకపోయాను అక్కణ్ణుంచి. తను కట్టిన ఆ తీగా, రేకూ, తాడూ తనే విప్పి పక్కన పెట్టాడు. బ్రష్షుతో గీకాడు. నూనె గుడ్డలు చుట్టాడు. గంటకోసారి తట్టాడు. మా ఆవిడ అన్నం పెడతానంటే మంచినీళ్ళు చాలండి అన్నాడు. మధ్యాహ్నం మంట పెట్టాడు, కొవ్వొత్తి ఆనించాడు. ఎండ వాలేవేళకి పానా తీశాడు. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. ఆ కీచు చప్పుడు నేను వసారాలోంచి విన్నాను. ఒకటి. చాలాసేపటికి రెండోది. మూడోది వచ్చేసరికి చీకటి పడబోతోంది. మూడూ తుడిచి గుడ్డ మీద పెట్టి నాకు చూపించాడు. ఒక్కటి విరగలేదు, మర కూడా చెడలేదు. 'వచ్చాయండి' అన్నాడు. అంతకు మించి ఒక్క మాట నన్ననలేదు. అనుంటే బాగుండేది.

చేతులు కడుక్కుని వెళ్ళబోతూ ఆగాడు. 'పంతులుగారూ, ఒకటడగనాండి' అన్నాడు. అడుగన్నాను. 'ఆడు అద్దాలెందుకు దించలేదంటారు? రెండుసార్లు చెప్పానండి. ఆఫీసు దాకా మీరు పక్కనే ఉన్నారు గదండి, మీకేమన్నా చెప్పాడాండి?' నన్ను నిలదియ్యడానికి అడగలేదయ్యా. ఆయనకి నిజంగానే తెలీదు. నెల్లాళ్ళుగా అదే ఆలోచించుకుంటున్నాడు, ఇక తట్టక అడిగాడు. నేను నిజం చెప్పుంటే ఆ మనిషికి అక్కడికక్కడే సగం బరువు దిగిపోయేది. నా పీక పట్టుకునేవాడేమో, పట్టుకుంటే పట్టుకునేవాడు. నేనేమన్నానో తెలుసా? 'నాకేం చెప్పలేదయ్యా. కుర్రాడు కదా, ఎండకి తట్టుకోలేక ఎత్తేసుకుని ఉంటాడు. నువ్వు చెప్పింది మర్చిపోయుంటాడు' అన్నాను. చచ్చినవాడి మీదకి తోసేశాను. మీ పెదనాన్న తల అడ్డంగా ఊపాడు. 'మర్చిపోడండి. నా మాట ఎప్పుడూ మర్చిపోడండి ఆడు' అన్నాడు. పనిముట్ల సంచి మూతి ముడేశాడు. 'అయితే నేనే గట్టిగా చెప్పలేదేమోనండి' అన్నాడు. అని సంచి భుజానేసుకుని వెళ్ళిపోయాడు. ఆ మాట మీదే బతికాడు మూడేళ్ళూ. ఆ మాట మీదే పోయాడు.

అదీ సంగతి. మీ పెద్దమ్మని తెచ్చుకో. మీ అమ్మ నీ మాట నమ్మదు, పెద్దమ్మ మీద జాలితో కల్పించావంటుంది. నా నోటితో నేనే చెప్తాను, ఆ చెప్పులిలా జరుపు, ఇప్పుడే వస్తాను. నీ బండి వెనక కూర్చోగలన్లే, నాకేం భయం లేదు. ఏం? ఒక్కడివే గుమ్మం దిగిపోతున్నావేం? ఎక్కించుకోవా? సరే. నువ్వు పద. నేను ఆటోలో వస్తాను.